నలభై అయిదు

నవత కనబడకుండా పోయింది. బుధవారం సాయంత్రం 6.10కి మెట్టుగూడ ఆఫీసు నుంచి బయలుదేరిన మనిషి, గురువారం పొద్దున 8.10 అయినా అల్వాల్‌లో ఇల్లు చేరలేదు.

"అలారం రాలేదు మేడం. చేరకుంటే నా ఫోన్ మోగాలె గదా! ఫ్రెండ్ ఇంట్ల ఉన్నదేమో అనుకొని పండుకున్న," అంది అక్క కల్పలత.

కల్పలతతో కలిసి ఆఫీసుకు వచ్చిన ఎస్సై దేవకృపకూ భయంగానే ఉంది. పద్నాలుగు గంటలంటే తక్కువ సమయం కాదు.

అలారం యాప్ ఆ ఆఫీసుదే. ఎంతసేపట్లో ఇల్లు చేరతారో బయలుదేరేటప్పుడు టైపు చెయ్యాలి. ఆలోగా 'చేరాను' అని నొక్కకపోతే ఇంటివాళ్ల ఫోన్ మోగుతుంది. మిగిలిన సమయం ఆఫీసు స్క్రీన్ మీదే కనిపిస్తుంది. రాసింది ప్రోగ్రామర్ రాఘవేందర్. దాని గొప్ప గురించి అడక్కపోయినా చెప్పే రకం.

ఆఫీసు క్యాబ్ డ్రైవర్ తాతాజీ గోడకు అతుక్కుపోయాడు. "ఆ అమ్మాయి నా బండి ఎక్కనే లేదమ్మా!"

"అలారం మోగలేదంటే ఏంది అర్థం?" రాఘవేందర్ నవ్వాడు. "చేరిన అని నొక్కింది. స్క్రీన్ మీద నేనే చూసిన. తర్వాత ఎటు పోయిందో మాకేం ఎరుక?"

"ఆ స్క్రీన్ చూపించండి."

అతను కదల్లేదు. నవత పక్క సీటు ఎమిలీ లేచి తెరిచింది. నవత టైమర్ ఇంకా నడుస్తోంది. మిగిలిన సమయం: 44 రోజుల 10 గంటలు.



"మీరు ఎట్లా టైపు చేస్తారు?" దేవకృప ఎమిలీని అడిగింది.

"0:45 అని. సార్ అందరికీ అట్లనే చెప్పిన్రు."

"వట్టి 45 కొట్టండి."

ఎమిలీ తన ఫోన్‌లో కొట్టింది. స్క్రీన్ మీద 45 రోజులు అని పడింది.

"రెండు చుక్కలు పెడితే గంటలు, నిమిషాలు. వట్టి అంకె ఇస్తే ప్రోగ్రామ్ రోజుల కింద లెక్కేస్తుంది. అంకె చాలని నవతకు ఎవరు చెప్పారు?" అడిగింది దేవకృప.

ఎమిలీకి ఏడుపు ఆగలేదు. "నిన్న సారే చెప్పిన్రు మేడం, నా ముందే. నవత ఆయన మీద మేనేజర్‌కు కంప్లైంట్ ఇస్తా అన్నది. నాకు భయమైంది. నోరు తెరవలే."

దేవకృప రాఘవేందర్ వైపు తిరిగింది. "నొక్కితే టైమర్ ఆగిపోవాలి. అది ఆగనే లేదు. నువ్వేం చూశావు?"

అతను కుర్చీలో కూలబడి ఒప్పుకున్నాడు. కంప్లైంట్ వద్దని బతిమాలి, కారులో దింపుతానని నవతను ఎక్కించుకున్నాడట. మౌలాలిలో ఎవరికీ తెలియకుండా తీసుకున్న అద్దె గది చిరునామా చెప్పేశాడు.

తాళం పగలగొట్టేసరికి తొమ్మిదిన్నర. నవత కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాయి. బతికే ఉంది. కల్పలత పడుతూ లేస్తూ వెళ్లి కట్లు విప్పింది.

అరిచి అరిచి నవత గొంతు బొంగురుపోయింది.

"ఏడు గాకముందే అలారం మోగింది గదా అక్కా? నువ్వు వస్తున్నవనే రాత్రంతా తలుపు దిక్కు చూసుకుంట ఉన్న. ఇంతసేపు ఎందుకైంది?"

కల్పలత చెల్లెల్ని గుండెకు హత్తుకుంది. ఆదమరిచి నిద్రపోయానని ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.