మిరియం తాగిన నీళ్లు

"ఇందులో నీళ్లు కలిపారా?"

డాక్టర్ శాంతికుమార్ సీసా ఎత్తి అడిగిన ఆ ఒక్క మాటకి చందనకి ఒళ్లు మండిపోయింది. జగ్గయ్యపేటలో మూడు తరాలుగా నూనెల వ్యాపారం చేస్తున్న ఇంటి పిల్ల. కల్తీ అన్న మాట వాళ్లింట్లో బూతు కింద లెక్క. అలాంటి అమ్మాయిని, కుక్క మూత్రంలో నీళ్లు కలిపావా అని అడుగుతాడా!

"పొద్దున్నే గరిటె పట్టుకుని పెరడంతా దాని వెనకాలే తిరిగి పట్టుకొచ్చానండీ. కలపడానికి ఇవేమన్నా పాలా?"

"గరిటె తడిగా ఉందేమో?"

"తుడిచా. మా అమ్మకి తెలీకుండా."

నందిగామలో ఆ క్లినిక్ పెట్టి ఏడాదే అయింది. కుర్ర డాక్టరు నవ్వు ఆపుకుంటూ, ఇంకో చుక్క వేసి, మూత్రం చిక్కదనం కొలిచే చిన్న గొట్టంలాంటి పరికరాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. దాంతోపాటే చందన కోపమూ పోయింది.

"ఏమైందండీ?"

"మిరియం ఈమధ్య నీళ్లు ఎక్కువ తాగుతోందా?"

"ఎండలు కదండీ. గిన్నె నింపడం ఆలస్యం, ఖాళీ చేసేస్తోంది. మంచిదేగా అని మా నాన్నగారు రెండో గిన్నె కూడా పెట్టారు."

బల్ల కింద మిరియం, ఎనిమిదేళ్ల నల్లకుక్క, హాయిగా తోక ఊపుతోంది.

"మీరేం కలపలేదు. సారీ అండీ" అన్నాడతను మెల్లగా. "దాని కిడ్నీలే మూత్రాన్ని చిక్కబరచలేకపోతున్నాయేమో. రక్తం తీసి విజయవాడ పంపుతా. రెండ్రోజులు పడుతుంది."

ఆ రెండ్రోజులూ చందనకి అన్నం సయించలేదు. మిరియం గిన్నె దగ్గరికి వెళ్లినప్పుడల్లా భయమే. మూడోరోజు ఫోనొచ్చింది.

"రిపోర్టు వచ్చిందండీ. ఒకసారి రండి. ఫోన్లో వద్దు."

ఫోన్లో చెప్పలేని మాటంటే ఇంకేముంటుంది? బస్సు చిల్లకల్లు దాటేసరికి వాన అందుకుంది. కిటికీ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

తెరవడం మరిచిన గొడుగుతో, తడిసి ముద్దయి క్లినిక్‌లోకి వచ్చిన ఆమెని చూసి అతను కంగారుగా లేచాడు.

"జబ్బు మొదట్లోనే దొరికిందండీ! రక్తంలో తేడా కొంచెమే. తిండి మార్చి, మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తే..."

"బతుకుతుందా?"

"పూర్తిగా నయం కాదు. కానీ జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉండొచ్చు."

చందన కుర్చీలో కూలబడింది. మరుక్షణం అతని మీదికి గొడుగు ఎత్తింది.

"ఈ ముక్క ఫోన్లో చెబితే మీ సొమ్మేం పోయింది? దారి పొడవునా చచ్చి బతికా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తప్పేనండీ. మిమ్మల్ని చూడాలనిపించింది. మీరింత భయపడతారని తట్టలేదు."

గొడుగు మెల్లగా దిగింది. బయట వాన హోరెత్తుతోంది.

"మూడు నెలల తర్వాత మళ్లీ రిపోర్టు వస్తుందిగా" అంది చందన. "దానికి నన్ను పిలవకండి. మీరే మా ఇంటికొచ్చి చెప్పండి. మంచైనా, చెడైనా. ఒక్కదాన్నే వినలేను."

"మీ నాన్నగారు ఏమంటారో?"

"ఆయనకి కిడ్నీల సంగతి మీరు చెప్పండి" అంది, కళ్లు తుడుచుకుంటూ. "రెండోది నేను చెప్తా."