పుంగనూరు సంతలో వినబడిన ధర

"హవల్దార్ అమర్‌నాథ్. కుప్పం మనిషి. రాడార్ కోడ్‌ను విదేశీ ముఠాకు అమ్మాడని కోర్ట్ మార్షల్ జైలు శిక్ష వేసింది," అన్నాడు చీఫ్. "జనరల్ ధ్రువీకరిస్తేనే అది చెల్లుతుంది. సంతకం రేపు."

1997. ఏజెంట్ చైతన్య అడిగాడు, "అప్పీలు?"

"బయటి కోర్టుల్లో ఉండే అప్పీలు మనకు లేదు. సంతకానికి ముందు జనరల్‌కి ఒక పిటిషన్. తర్వాత ఢిల్లీకి ఇంకొకటి. అదీ పోతే హైకోర్టులో రిట్. భార్య కుమారి మొదటిది పెట్టింది. సాక్ష్యం లేదు."

"అతని మీద సాక్షి?"

"చాందిని. ముఠాలో ఉంటూ మనకు వార్తలందించే డబుల్ ఏజెంట్. పుంగనూరు సంతలో అతను ఎద్దు అమ్మేవాడిలా నిలబడి 'పదకొండు వేలు' అని అరిచాడట. సరుకు సిద్ధమనడానికి అదే కోడ్‌వర్డ్."

చైతన్య గుడుపల్లెలో పశువుల మధ్య పెరిగాడు.

"అరిచాడా?" అన్నాడు.

మర్నాడు సంతలో చైతన్య తలపాగా చుట్టి, ఆవును పట్టుకుని నిలబడ్డాడు. ఆవు మెడలోని గంటలో మైక్ ఉంది. చోటు చూపించడానికి చాందిని వచ్చింది. కళ్లద్దాలు తీయలేదు.

"నన్ను అనుమానిస్తున్నారా?"

"జీతం అందుకే ఇస్తారు. ఎక్కడ నిలబడి విన్నారు?"

"ఆ టీ కొట్టు దగ్గర. స్పష్టంగా విన్నాను."

పక్కనే దళారి నారాయణప్ప ఒక రైతుతో తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతున్నాడు. దళారి వీళ్ల వైపు తల తిప్పాడు.

"ఏందమ్మా, ఈడ ధర అరిసేదా? మా తాత కాలం నుంచీ తువ్వాలు కిందనే బేరం. నోటితో సెప్తే పక్కోడు ఎగరేసుకోని పోడా?"

"ఎవుడన్నా అరిసుంటే?" అడిగాడు చైతన్య.

"సంతంతా ఇంగా నవ్వుతా ఉంటాది గదప్పా!"

శిక్ష వేసిన ఆఫీసర్లలో ఎవరూ పశువుల సంత చూసినవాళ్లు కారు. చాందినీ చూడలేదు.

"ఆ అరుపు అబద్ధం. కోడ్ అమ్మింది నువ్వు," అన్నాడు చైతన్య.

"నేనే. అయితే? ఇక్కడి ఫోన్ లైన్లు మావాళ్లు కోసేశారు. జనరల్ పెన్ను తీసే ఉంటాడు." ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

నారాయణప్ప తువ్వాలు ఆ చేతి మీద పడింది. లోపల అతని వేళ్లు బిగిశాయి. పిస్టల్ పేడలో పడింది.

"ఈ బేరం కుదర్లేదమ్మా."

చాందినికి సంకెళ్లు వేసి జీపు ఎక్కించారు. జీపు మదనపల్లె ఎస్‌టీడీ బూత్ దగ్గర ఆగింది. గంటలోని మైక్ పట్టిన మాటల టేపును చైతన్య రిసీవర్ దగ్గర పెట్టి వినిపించాడు. అవతల జనరల్ అప్పటికే తన పేరులో మొదటి అక్షరం రాశాడు. "నేనే" అన్న మాట విన్నాక దాన్ని కొట్టేశాడు. ధ్రువీకరణ నిరాకరించి, కుమారి పిటిషన్ మీద సంతకం పెట్టాడు.

చైతన్య ఆఫీసుకు తిరిగొచ్చాక చీఫ్ ఖర్చుల కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఆ ఆవుకి ఎంతిచ్చావయ్యా?"

చైతన్య చెయ్యి చాపాడు.

"తువ్వాలు తెప్పించండి సార్."