మడతలో ఏడవ పొర

నల్లమల లోయలోని గుహలో దొరికిన రాగిరేకుపై ఒకే వాక్యముంది: "నేలనుండి ఏడవ పొర వెనుక." దానిని చదివిన నిధులవేటగాడు నాగభూషణరాజు తుపాకి భుజాన వేసుకొని, మార్కాపురం పలకల గనిలో ముప్పయ్యేళ్ళు రాయి చీల్చిన ఖాసీం పీరాను పనికి పిలిచాడు. పీరా రానన్నాడు. రాజు అతని తమ్ముడు మస్తాన్ మెడకు తాడు కట్టి ముందు నడిపించాడు. నిధి దొరికితే తమ్ముడు బతుకుతాడు, లేకుంటే లేదు.

గుహ చివర అగాధం. దాని అంచున నిలిచిన గోడలో ఎర్రని, నల్లని రాతిపొరలు మడిచిన చాపలా వంగి, వెనుదిరిగి, తమపై తామే పడుకొని ఉన్నాయి. వాటిని ఏ రాక్షసుడూ మడవలేదు. ఇరువైపులనుండి భూమి ఒత్తిడి, లోతులోని వేడి, ఊహకందని కాలం కలిస్తే రాయి సైతం విరగక వంగుతుంది.

రాజు వేలితో ఎంచి, "ఏడు" అన్నాడు.

"ఏడు కాదు రాజుగారూ, నాలుగే. ఈ నల్లది నడిమిది. కింది మూడే మడత తిరిగి పైకొచ్చినయ్. మీరు ఆ మూడింటినీ రెండుసార్లు ఎంచినారు."

"రేకు రాసినవాడూ నాలాగే ఎంచి ఉంటాడులే. వాడేమన్నా నీలా పలకలు కొట్టాడా?"

పీరా మడత వంపును చేత్తో తడిమి చూశాడు.

"సరే. వంపు కాడ మాత్రం గునపం పెట్టొద్దు. అక్కడ రాయి సాగి నెర్రెలిచ్చి ఉంటది. కావాలంటే ఆ పొర కింది సందులోకి నేను దూరతా."

"నువ్వు పోతే నాకు నిజం చెప్పేదెవడు? నీ తమ్ముడే దూరతాడు."

రాయి జారితే ఆపడానికి పీరా అంచున ఇనుప చీల దిగగొట్టాడు. మస్తాన్ మూడోసారి గునపం దించగానే పైపొర పెళ్ళున ఊడి, అతని మోకాలిపై పడి, అగాధంవైపు వాలి, ఆ చీల దగ్గర ఆగింది. ఊడినచోట పసుపుపచ్చని మెరుపు కనిపించింది. రాజు ఆ బండపైకే ఎక్కాడు. కింద మస్తాన్ కేక గుహంతా మోగింది.

"దిగండి రాజుగారూ, కాలు నలుగుతాంది."

"అరవనీ. బంగారంరా ఇది."

"బంగారం కాదు. గనిలో అట్టాంటిది తట్టలకొద్దీ పారబోసినాం. దిగండి."

రాజు తిరిగి చూడకుండానే తుపాకి గొట్టం పీరావైపు తిప్పి, రెండో చేత్తో సంచి నింపసాగాడు. మస్తాన్ గొంతు సన్నగిల్లింది.

"దిగండి," అన్నాడు పీరా మూడోసారి. ఆపై సుత్తితో చీలను పక్కకు కొట్టాడు.

బండ రాజుతోసహా జారిపోయింది. కిందనుండి చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది. మస్తాన్ మోకాలి కింద మిగిలినదానిని పీరా తలగుడ్డతో బిగించి కట్టి, అతణ్ణి వీపున వేసుకొని రెండు రోజులు నడిచి అడవి దాటాడు. పొర వెనుక ఏముందో తొంగి చూడనేలేదు.

నిధిని కాచే భూతం రాజును మింగిందని మార్కాపురం టీ అంగళ్ళలో చెప్పుకున్నారు. ఒకరోజు పీరా గ్లాసు కింద పెట్టి, "భూతం లేదు, గీతం లేదు. చీల కొట్టింది నేను," అన్నాడు.

నమ్మినవాడు ఒక్కడూ లేడు.