జిన్నింగ్ మిల్లులో దిగినవాడు

అద్దంకి నుంచి ఒంగోలు వచ్చే దారిలో, మిరప చేల మధ్య, మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు ఒకటుంది. పొద్దుగూకాక అటు వెళ్ళేవాళ్ళు హారన్ కూడా కొట్టరు — లోపలున్నదానికి వినబడుతుందని. మిషన్లో పడి చచ్చిపోయిన కూలీ ఒకడు అక్కడే తిరుగుతున్నాడని కొందరంటారు. కాదు, మిల్లు కట్టకముందే అక్కడ ఏదో ఉందని ఇంకొందరు. ఎవరి దెయ్యం వాళ్ళది.

ఇది మా ఆదెయ్య బాబాయి చెప్పిన సంగతి. మొన్న మార్చిలో ఆయనకే జరిగింది. ఆయనకీ, షాజాదికీ.

షాజాది మిరపకోత కూలీల మేస్త్రి. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు ఆవిడ మాట మీదే పనికొస్తారు. ఈ ఏడు బాబాయి కాయలన్నీ మిల్లు పక్క చేలో కళ్లం చేసి ఎండబోశాడు. నేల గట్టిగా ఉంటుంది, దొంగ కూడా అటు రాడు అని ఆయన ధీమా. కాయలు గలగలమనే వేళకి మిల్లు మూలగడం మొదలుపెట్టింది.

ముందు సన్నగా ఏడుపు. ఆడగొంతో, మగగొంతో తెలియదు. అది సాగి సాగి... పైకి, ఇంకా పైకి పోయి... ఆకాశం చిరిగినట్టు ఒకటే మోత. తర్వాత చడీచప్పుడూ ఉండదు. కాసేపాగి మళ్ళీ అదే ఏడుపు, అదే మోత. ఏ దెయ్యమైనా ఏడిస్తే ఏడుస్తుంది గానీ, తప్పు దిద్దుకుంటున్నట్టు ఏడ్చిందే మళ్ళీ ఏడవడమేమిటని బాబాయికి అనుమానం తగిలిందట. భయం ముందు ఆ అనుమానం నిలబడలేదు.

కళ్లం దగ్గర పెట్టిన కాపలావాడు చెప్పకుండానే మానేశాడు. మర్నాడు సాయంత్రం మబ్బు పట్టింది.

కళ్లంలో మిరపకాయ తడిస్తే నల్లబడుతుంది. నల్లబడ్డ కాయ వంక ఎవడూ చూడడు. ఏడాది చాకిరీ అంతా అక్కడ ఎర్రగా పరుచుకుని ఉంది. బాబాయి ఫోన్ చేయగానే షాజాది ఆడవాళ్ళని ఆటోల్లో ఎక్కించుకుని వచ్చింది. కాయలు కుప్పలు చేస్తూ, పైన కప్పే పట్టాలు విప్పుతూ ఉండగానే చీకటి పడింది.

మిల్లులోంచి ఏడుపు లేచింది.

ఎక్కడి పారలు అక్కడ పడేసి అందరూ రోడ్డెక్కారు. ఆటోల్లో కూర్చుని, నువ్వూ వచ్చెయ్యమని షాజాదిని పిలిచారు. ఆవిడ వాళ్ళని తిట్టలేదు. ఆవిడకీ భయమే. కానీ ఇవాళ పారిపోతే మిల్లు చుట్టుపక్కల చేలల్లోకి తన ముఠా ఇంకెప్పుడూ రాదు. ఆ చేలు పోతే వాళ్ళకి పనే సగమైపోతుంది.

దూరంగా ఉరిమింది.

“ఆదెయ్యన్నా, దెయ్యం పట్టినోళ్ళకి మిరపకాయల పొగే కదా పెట్టేది?” అంది షాజాది నెమ్మదిగా. “మనిషిలో ఉన్నదే వదిలి పోతుంటే, మిల్లులో ఉన్నది పోదా?”

అంత భయంలోనూ బాబాయి మంచికాయల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. రంగుపోయి ఏరిపారేసిన తాలుకాయల బస్తా ఒకటుంటే అది చూపించాడు. ఇనప తట్టలో నిప్పు చేసి, కాయలూ ఒక చాటా పట్టుకుని ఇద్దరూ మిల్లు వైపు నడిచారు.

దగ్గరికెళ్ళిన కొద్దీ ఏడుపు ఆకాశంలోంచి వస్తున్నట్టుంది. కిటికీలన్నిటికీ లోపల్నుంచి బొంతలు కుక్కేసి ఉన్నాయి. తలుపు కింద సందులోంచి మాత్రం... పచ్చటి వెలుతురు.

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. లోపల ఎవరో గుసగుసగా అన్నారు —

“ఎవ్వరూ ఊపిరి పీల్చకండి... వాడు దిగుతున్నాడు.”

బాబాయి వెనక్కి తిరిగాడు. కండువా కొస షాజాది చేతిలో ఉండటంతో ఆగిపోయాడు. ఆవిడ పెదవులు అల్లాని తలుచుకుంటున్నాయి, ఈయన ఆంజనేయస్వామిని. ఆవిడ కాయలు నిప్పులో గుమ్మరించి, తట్ట తలుపు సందుకి ఆనించి, మొహం పక్కకి తిప్పుకుని చాటతో విసరడం మొదలుపెట్టింది.

లోపల ఏడుపు మళ్ళీ లేచింది. పైకి... ఇంకా పైకి... వణికింది... తెగిపోయింది.

దెయ్యం దగ్గింది.

తర్వాత ఇంకో దెయ్యం దగ్గింది. ఆ తర్వాత మిల్లు మిల్లంతా దగ్గింది. తలుపు ధడాలున తెరుచుకుంది. పొగలోంచి కళ్ళు తుడుచుకుంటూ జనం — వయొలిన్లు గుండెకి హత్తుకున్నవాళ్ళు, బూరలు పట్టుకున్నవాళ్ళు, పెళ్ళి బ్యాండు చొక్కాల్లో కొందరు, చర్చిలో పాడే అమ్మాయిలు కొందరు. వెనక పెద్ద డ్రమ్ము ఒకటి దొర్లుకుంటూ వచ్చింది.

చినుకు పడింది.

“దగ్గడం తర్వాత,” అంది షాజాది. “ముందు పట్టాలు పట్టండి.”

ఎందుకో ఎవరూ అడగలేదు. వయొలిన్లు లోపల పెట్టి అందరూ కళ్లం మీద పడ్డారు. దెయ్యాలు పట్టాలు లాగుతుంటే చూసి రోడ్డు మీది ఆడవాళ్ళూ దిగొచ్చారు. వాన ఊపందుకునే లోపల ఆఖరి కుప్ప మీద రాళ్ళు పెట్టారు.

మిల్లు వరండాలో తలలు తుడుచుకుంటూ ఉంటే, హారిక అని ఒంగోల్లో సంగీతం టీచరు, అసలు సంగతి చెప్పింది. వాళ్ళ తాతగారు ఎప్పుడో ఒక అంతరిక్షం సినిమాకి సంగీతం కట్టారట. చుక్కల్లోంచి ఎవడో భూమి మీదికి దిగే కథ. అప్పట్లో చేతిలో ఉన్నది మీటలు నొక్కితే మోగే ఒక చిన్న ఎలక్ట్రిక్ పెట్టె, నలుగురు వాయించేవాళ్ళు. మనసులో అనుకున్న మోత ఆయనకి ఎన్నడూ వినబడలేదు. టేపులు పాడైపోయాయి. ఈ పిల్ల మిగిలిన ముక్కలు విని అంతా రాసుకుని, పెద్ద ఆర్కెస్ట్రాతో కొత్తగా రికార్డు చేస్తోంది. ఇంతమంది పట్టే ఎత్తైన చోటు ఈ మిల్లే దొరికింది. పగలు లారీల రొద. అందుకని రాత్రిళ్ళు, బ్యాటరీ లైట్లు పెట్టుకుని. జనం గుమిగూడితే గోల అని ఎవరికీ చెప్పలేదు.

“ఇన్నాళ్ళకి ఇవాళ కుదిరిందమ్మా,” అన్నాడు బ్యాండు మాస్టరు సాల్మన్ ఎర్రబడ్డ కళ్ళతో. “సరిగ్గా అప్పుడే పొగ పెట్టారు.”

షాజాది నొచ్చుకుంది. ఆ సినిమాలో దిగినవాడు చివరికి ఏమయ్యాడని అడిగింది.

“చచ్చిపోతాడక్కా. ఇక్కడి గాలి పడక, దగ్గి దగ్గి...”

హారిక మాట సగంలో ఆపేసింది. లోపలికి పరిగెత్తి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని రికార్డు వెనక్కి తిప్పి వింది. ఇంకోసారి వింది. బయటికొచ్చేసరికి ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

“అక్కా, ఆ కాయలు ఇంకా ఉన్నాయా? ఇంకొక్కసారి వేస్తే చాలు. కొంచెం ఘాటు తగ్గించి.”

షాజాది చాట అందుకుంది. సాల్మన్ బూర చంకన పెట్టుకుని, వానలో తడుస్తూ వెళ్ళి, మిల్లు వెనక ఆపిన తమ బస్సెక్కి తలుపేసుకున్నాడు.