అమ్మ ఎందుకు తినదు?

“ఇకమీదట నేను చేపా మాంసమూ రుచి చూడక తప్పదమ్మా.”

కూతురి నోట ఆ మాట రాగానే తల్లి చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది. తండ్రి మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశాడు. తల్లి లేచి, తినని కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి విప్పి అలాగే నిలబడిపోయింది. ఆ నీళ్ల చప్పుడు చాలాసేపు ఆగలేదు...

ఆ అమ్మాయిని అందరూ గరిటమ్మ అంటారు. నడక రాకముందే గరిట పట్టుకుని వంటింట్లో పాకేదట. ఇప్పుడు రైల్వేస్టేషను ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో కూరగాయల వంటలన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయి. అక్కడి పెద్ద వంటమాస్టారు పని మానేస్తున్నాడు. ఆ స్థానం ఆమెకే ఇస్తానన్న యజమానురాలు ఒక మెలిక పెట్టింది. వంటగది దాటే ప్రతి కూరనూ పెద్ద వంటమనిషి నోట పెట్టుకుని చూడాలి. చేపైనా సరే, మాంసమైనా సరే.

గరిటమ్మకు వంట నేర్పింది తల్లే. ఆకుకూర తరిగే ముందు పురుగుల్ని చంపకుండా దులపడం, కాయ వాసన చూసి అది లేతదో ముదురుదో చెప్పడం, ఆకలితో వచ్చినవాళ్లను ఆరా తీయకుండా ముందు కంచం పెట్టడం... అన్నీ ఆమె దగ్గర అబ్బినవే. “ఉప్పూ మాటా ఒకటేనే, వేశాక వెనక్కి తీయలేం” అనేది తల్లి. కానీ మాంసం ఎందుకు తినకూడదో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ ఇంటి పొయ్యి మీదికి అది రాదు, అంతే. అదేదో అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నియమం కాబోలని గరిటమ్మ అనుకునేది. ఇప్పుడు ఆ నియమమే తన కాళ్లకు అడ్డం పడుతోందని ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు పొదుపుగా సాగాయి. తల్లి వండేది, వడ్డించేది, ముఖం తిప్పుకునేది. కళ్లు మాత్రం ఉబ్బి ఉండేవి.

ఒకరోజు జోరున వాన కురుస్తుంటే ఆమె గొడుగు పట్టుకుని హోటలుకు వచ్చింది. కోపం కోపమే, కూతురు తడిస్తే ఊరుకోగలదా! వెనక తలుపులోంచి వంటగదిలోకి అడుగుపెట్టి, పెద్ద పొయ్యి పక్కన టక్కున ఆగిపోయింది. అక్కడ చేపల కూర కుతకుతలాడుతోంది. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఊపిరి లోపలికి పీల్చింది. “మంట తగ్గించు. ముక్క విరిగిపోతుంది” అంది మెల్లగా. వెంటనే చేయకూడని పని చేసినదానిలా తడబడి, గొడుగు కూతురి చేతిలో పెట్టి, తాను తడుస్తూ వెళ్లిపోయింది.

గరిటమ్మ మంట తగ్గించి మూత తీసింది. నిజమే, ముక్కల అంచులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. జన్మలో చేప ముట్టని మనిషికి ఇది ఎలా తెలిసింది? ఆ ముఖంలో కనిపించింది ఏవగింపు కాదే... మరేమిటది?

ఆ ప్రశ్న ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. దర్జీ పని చేసే తండ్రిని అడిగితే ఆయన దారం పంటితో కొరికి, మీ అమ్మనే అడుగు అని మళ్లీ మిషను తొక్కసాగాడు. ఇక లాభం లేదని, సెలవు దొరకగానే ఆమె పిన్ని ఇంటికి వెళ్లింది. పిన్ని ఆసుపత్రిలో నర్సు. నోట్లో నువ్వుగింజ నానదని అక్క ఆమెను ఎప్పుడూ దెప్పుతుంది. ఈ ఒక్క విషయం మాత్రం ఆ నోట్లో ఇన్నేళ్లుగా నానుతూనే ఉంది.

“మీ అమ్మ చేప తినడం నువ్వు చూడాల్సింది తల్లీ” అంది పిన్ని. “మేం ఏటి ఒడ్డున పెరిగినవాళ్లం. చేప లేనిదే అక్కకి ముద్ద దిగేది కాదు.”

పిన్ని చెప్పుకుంటూ పోయింది. గరిటమ్మకు మూడేళ్లప్పుడు పెరట్లో ఒక తెల్లకోడి ఉండేదట. నిద్ర లేచింది మొదలు పాప దాని వెంటే తిరిగేది. ఒకరోజు అనుకోకుండా చుట్టాలు వచ్చారు. ఇంట్లో ఇంకేమీ లేదు. తల్లే ఆ కోడిని కోసి వండింది. పాప అడిగితే, కోడి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయిందని చెప్పింది. కానీ పాప పెరట్లో తెల్లటి ఈకలు చూసింది. ఆ తర్వాత ముద్ద ముట్టలేదు. బతిమాలారు, భయపెట్టారు, డాక్టరుకు చూపించారు. పాల గిన్నె పెట్టినా తోసేసింది. పిల్ల వాడిపోయి మెడ వాల్చేస్తుంటే తల్లి గుండె చెరువైంది. ఒళ్లోకి తీసుకుని, “కోడీ చేపా ఏదీ నీలాగే ఇక నేనూ తినను తల్లీ, ఒట్టు” అంది. పాప ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, అప్పుడు నోరు తెరిచింది.

“నాలుగు రోజుల ముచ్చటే అనుకున్నాం” అంటూ పిన్ని కళ్లు తుడుచుకుంది. “నువ్వు మరిచిపోయావు. అక్క మరిచిపోలేదు.”

గరిటమ్మ ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అమ్మ నుంచి తనకు వచ్చిందనుకున్న నియమం తన నుంచి అమ్మకు వెళ్లిందా! తల్లి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. కూతురు ఆమె కాళ్ల దగ్గర కూలబడి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

తల్లికి అర్థమైపోయింది. “పిన్ని ఆగలేదన్నమాట” అని చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. “చెబితే నిన్ను కట్టేసినట్టవుతుంది కదే. అమ్మ నా కోసం మానేసిందని నువ్వూ జన్మంతా నోరు కట్టుకుంటావు. నీకు నచ్చిన తిండి నువ్వు తినాలి.”

“మరి ఆ రోజు నేను చెప్పగానే ఎందుకంత ఏడ్చావు?”

“ఆ చిన్నపిల్ల ఇక లేదేమో అనిపించింది...” అంటూ ఆమె కూతురి తల మీద చేయి వేసింది.

మరుసటి రోజు గరిటమ్మ వంటగదిలో చెంచాతో చేపల కూర నోట్లో పెట్టుకుంది. సాయంత్రం ఆమె ఇంకా చెప్పులు విప్పకముందే తల్లి ఎదురొచ్చింది. ఆమె కళ్లలో కోపం లేదు, చంటిపిల్లల ఆత్రం ఉంది. ఎలా ఉందని అడిగింది. మెత్తగా ఉందనీ, కాస్త తియ్యగా అనిపించిందనీ, చివర్లో ఏదో నీటి వాసన నాలుక మీద నిలిచిందనీ కూతురు చెప్పింది. అది ఏటి వాసన అనీ, తాజా చేపకే ఉంటుందనీ తల్లి చెబుతుంటే ఆమె వయసు సగానికి తగ్గినట్టయింది.

“ఇక నువ్వూ తిను అమ్మా.”

“నేను మాట ఇచ్చింది నీకు కాదే. మూడేళ్ల పిల్లకి.”

గరిటమ్మ తల్లి రెండు చేతులూ పట్టుకుంది. “ఆ పిల్ల పెద్దదైందమ్మా. నువ్వు పెట్టిన ముద్దతోనే పెద్దదైంది. చాల్లే, ఒట్టు తీసి గట్టున పెట్టమంటోంది.”

తల్లి నవ్వబోయి ఏడ్చేసింది. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

సెలవు రోజున ఆ ఇంటి పొయ్యి మీద గరిటమ్మ చేతి చేపల కూర ఉడికింది. పక్కనే ఎప్పటిలా గుమ్మడికాయ కూర కూడా ఉంది. పిన్ని కూడా వచ్చింది. తల్లి కంచం ముందు కూర్చుని, చూడకుండానే వేళ్లతో ముల్లు తీసి పక్కన పెట్టింది. ఒక ముక్క తిన్నది. నిదానంగా ఇంకొకటి తిన్నది. తండ్రి తినడం మానేసి భార్యనే చూస్తున్నాడు.

కాసేపటికి ఆమె, “చాలు, ఆ గుమ్మడికాయ కూర ఇటు జరుపు” అంది.

చేప బాగా కుదరలేదా అని గరిటమ్మ భయంగా అడిగింది.

“కుదరకేం, మా అమ్మ చేసినట్టే ఉంది.” తల్లి కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి, తనలో తానే ఆశ్చర్యపోతూ కూతురి వైపు తిరిగింది. “ఇన్నేళ్లూ ఈ కూరగాయల్ని నీ కోసమే తింటున్నాననుకున్నానే... నాకే ఇష్టమై తింటున్నానని ఇప్పుడు తెలిసింది.”