కమానుకీ కప్పుకీ నడుమ

తొంభై ఏడో సంవత్సరం. మొగల్తూరుకి దిగువన, రొయ్యల చెరువులు మొదలయ్యే చోట, చర్చి కట్టే పని వీరబ్రహ్మానికి వచ్చింది. ముప్పయ్యేళ్లుగా తాపీ పట్టినవాడు. రైసుమిల్లులు కట్టాడు, గోపురాలు ఎత్తాడు. కాని ఫాదర్ ఇన్నయ్యగారు బల్ల మీద పరిచిన ఫొటోలు చూసి గంటసేపు కుర్చీలోంచి లేవలేకపోయాడు.

ఫాదర్‌గారు పైచదువుకి నాలుగేళ్లు ఫ్రాన్సులో ఉన్నారు. ఆయనున్న ఊళ్లో ఎనిమిది వందల ఏళ్లనాటి కథీడ్రల్, అంటే పెద్ద చర్చి, ఉందట. ఫొటోల్లో ఉన్నది అదే. స్తంభాల తలల నుంచి రాతి బద్దలు బయల్దేరి, కొబ్బరి మట్టల్లా వంగి, నడినెత్తిన ఒక్క రాయి దగ్గర కలుసుకున్నాయి. గోడలు పక్కకి పడిపోకుండా బయటి నుంచి రాతి చేతులు ఆనించి పట్టుకున్నాయి. బరువంతా వాటి మీదికి పోవడంతో గోడల నిండా రంగుటద్దాలే.

"బోర్లించిన నావలో కూర్చున్నట్టుందండి," అన్నాడు వీరబ్రహ్మం.

"వాళ్లు కూడా ఆ హాలుని నావ అనే అంటారు," అని ఫాదర్‌గారు సంబరపడ్డారు. "ఈ కమాను మీద మళ్లీ పెంకుల కప్పు ఉంటుంది బ్రహ్మంగారూ. రెండింటి నడుమా ఒక చీకటి గది. కింద ప్రార్థన చేసుకునేవాళ్లకి అదొకటి ఉందనే తెలీదు."

అందులో పదో వంతు కట్టాలని అనుకున్నారు. రాయి బదులు ఇటుక. వీరబ్రహ్మం, తమ్ముడు చినబాబు, ఇటుకలందించే బేబి, ఇంకో ఎనిమిది మంది. రోజూ భోజనాల వేళ ఫాదర్‌గారు వచ్చి ఆ పాత కట్టడం కబుర్లు చెప్పేవారు. మొదలుపెట్టినవాళ్ల మనవల మనవలు గానీ పూర్తి చెయ్యలేదట. కమాను రెండుసార్లు కూలిపోయిందట.

"మూడోసారి నిలిచింది. కాని మూసేసిన మర్నాడు పైనుంచి చప్పుడు వినిపించింది. ఎవరో లోపల ఉండిపోయాడు. పచ్చి కట్టుబడి, కదిలిస్తే మళ్లీ కూలుతుందని పెద్దలు తెరవనివ్వలేదు. ఆ చప్పుడు జనం చెవిన పడకుండా మూడు రోజులు గంటలు మోగించారట."

బేబి కలుపుతున్న అన్నం ముద్ద అలాగే వదిలేసింది. "తర్వాతండీ?"

"తర్వాత గంటలు ఆపేశారు," అన్నారు ఫాదర్‌గారు. ఎందుకు చెప్పానా అన్నట్టు లేచి వెళ్లిపోయారు.

పైన పెంకుల కప్పు వేశాక, శ్రావణంలో కమాను మూశారు. పైన పనిచేసినవాళ్లందరూ పక్కగోడ నెత్తిన ఉంచిన చిన్న కన్నంలోంచి బయటికొచ్చాక, చినబాబు పరంజా మీద నిలబడి బయటి నుంచి ఆ కన్నం మూసేశాడు. పది రోజులాగి, కమానుకి ఆసరాగా అడుగున పెట్టిన సెంట్రింగ్ చెక్కలు దించారు. కమాను నిలిచింది. వీరబ్రహ్మం కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. చర్చి లోపల దీపాలవేళైనట్టుంది. ఎక్కడైనా బోలు ఉందేమోనని అతను లోపలి పరంజా ఎక్కి, తాపీ పిడితో కమాను అడుగున కొడుతూ వెళ్లాడు. గట్టి చప్పుడు. గట్టి చప్పుడు. కమాను నడినెత్తిన మూడుసార్లు కొట్టాడు.

పైనుంచి మూడుసార్లు వినిపించింది.

అతను చెయ్యి దించేశాడు. కాసేపాగి రెండు కొట్టాడు.

రెండు వినిపించాయి.

కిందికి దిగి మనుషుల్ని లెక్కపెట్టాడు. పదకొండు మందీ ఉన్నారు. ఫాదర్‌గారికి కబురంపాడు.

"ఎలుకలై ఉంటాయండి," అన్నారాయన, పైకి చూడకుండానే.

"మనం రెండు కొడితే ఎలుక రెండు కొట్టదండి. ఎవడో పరదేశి వానకి ఎక్కి పడుకుని ఉంటాడు. పదకొండు రోజులైంది..."

"పచ్చి కట్టుబడి బ్రహ్మంగారూ. మీరెక్కితే కూలిపోతుంది. తెరవకండి."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలిసి ఫాదర్‌గారు తెల్లబోయారు.

"మనిషండీ," అన్నాడు వీరబ్రహ్మం. సుత్తి తీసుకుని బయటి పరంజా ఎక్కాడు.

చినబాబు మూసిన కన్నం బద్దలుకొట్టి, టార్చి పట్టుకుని పాక్కుంటూ లోపలికి వెళ్లాడు. ఉక్క. తడి సిమెంటు వాసన. దాని అడుగున కాలిన కొవ్వు లాంటి వాసన ఇంకోటి. కాళ్ల కింద కమాను వీపు ఏనుగు నడుములా వంగి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి టార్చి తిప్పాడు.

ఎవరూ లేరు.

ఊపిరి వదిలి వెనక్కి తిరగబోతుంటే, సరిగ్గా మోకాళ్ల కింద... టక్. టక్. టక్.

కింద నుంచి.

చినబాబు లోపలి పరంజా ఎక్కాడేమోననుకున్నాడు. ఉన్నానని చెప్పడానికి సుత్తితో మూడు కొట్టాడు. అప్పుడు గంట మోగింది. బరువైన కంచు గంట... దాని వెనకే ఇంకోటి... ఇంకోటి. చెవులు దిమ్మెక్కాయి. మళ్లీ కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. తను కొట్టేది తనకే వినిపించలేదు. టార్చి జారి ఆరిపోయింది. దూరంగా కన్నం ఒక్కటే బూడిదరంగులో కనిపిస్తోంది.

అది చిన్నదవుతోంది.

మోకాళ్లు చీరుకుపోతున్నా పాకాడు. తల పట్టింది. భుజం పట్టలేదు. అరిచాడో లేదో తెలీదు. ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు.

"అన్నయ్యా. అన్నయ్యా, నేనే." వానలో తడిసి ముద్దైన చినబాబు.

"గంట ఎవరు కొట్టార్రా?"

"గంటేంటి అన్నయ్యా? అదింకా రాలేదుగా."

"కింద నుంచి కొట్టిందెవరు?"

"లోపలి పరంజా ఎవరూ ఎక్కలేదన్నయ్యా."

వీరబ్రహ్మాన్ని దించి మెట్ల మీద కూర్చోబెట్టారు. బేబి మంచినీళ్లు తెచ్చి తాగించింది. ఫాదర్‌గారు అతని పక్కనే చతికిలబడి, రెండు చేతుల మధ్య అతని చెయ్యి పట్టుకున్నారు. వీరబ్రహ్మం అన్నాడు.

"ఆ కన్నం ఇంక మూయొద్దండి. ఎవరైనా సరే, వెళ్లిపోయే దారుండాలి."

"అలాగే బ్రహ్మంగారూ. చిన్న తలుపు పెట్టిద్దాం."

తలుపుకి కొలతలు తీసుకురమ్మని చినబాబుని పంపారు. అతను ఎక్కినంత వేగంగానే దిగొచ్చాడు. టేపు విప్పనేలేదు.

"రా అన్నయ్యా. నువ్వే చూద్దువుగాని."

వీరబ్రహ్మం ఎక్కి చూశాడు. కన్నం లేదు. గోడ ఉంది. వరస తప్పని ఇటుకలు, దారం పట్టినంత సమంగా. బయట నిలబడి కడితే అతుకుల్లోంచి పొంగిన సిమెంటుని మేస్త్రి తాపీతో గీసేస్తాడు. ఇక్కడ గీసిన గుర్తు లేదు. ప్రతి అతుకులోంచీ పొంగి, లోపల నుంచి తోసినట్టు ఇవతలికి వేలాడుతోంది.

ఇంకా తడిగానే ఉంది.