దండోరా కాగితం

వెనకాల తెల్లకారు!

నెహెమ్యా బండి అద్దంలోకి చూశాడు. కొల్లేరు గట్టు ఎక్కినప్పట్నుంచీ అదే కారు... అదే దూరం!

"అచ్యుతరావుగారిదేరా!" వెనక కూర్చున్న దేవదానం అతని భుజం తట్టాడు.

"గట్టిగా పట్టుకో బాబాయ్!"

నాలుగూ ఇరవై. ఐదింటికి ఏలూరు కోర్టులో కౌంటర్ మూసేస్తారు. వేలాన్ని సవాలు చేయడానికి గడువు అరవై రోజులు. ఇవాళే ఆఖరు. దాటితే, అప్పు కింద కోర్టు వేలం వేసిన ఎకరంన్నర చేను, పాడుకున్న అచ్యుతరావుకే ఖాయం. నెహెమ్యాకి ఉన్నదల్లా ఆ చేనొక్కటే.

ఊళ్ళో దండోరా వేయించాకే వేలం పెట్టాలి. వేయించానని, వేలం జరిపించే కోర్టు ఉద్యోగి అమీనా రిపోర్టు రాసేశాడు.

పచ్చి అబద్ధం!

ఊళ్ళో డప్పు కొట్టేది దేవదానమే. రిపోర్టులో రాసిన రోజు ఆ డప్పు మోగింది చర్చి ఊరేగింపుకి. ఆ మాట జడ్జిగారి ముందు చెప్పాల్సింది అతనే.

టక్!

చైన్ ఊడింది!

నెహెమ్యా దిగి చైన్ ఎక్కించడానికి వంగాడు. పక్కన చేపల చెరువు. తోసేస్తే అడిగే దిక్కులేదు.

కారు వంద గజాల అవతల ఆగింది. ఎవరూ దిగరు. చూస్తున్నారంతే...

చైన్ ఎక్కింది. కారూ కదిలింది!

నాలుగూ యాభైరెండు. కోర్టు మెట్ల మీద నెహెమ్యా లాయర్ శాలిని.

"ప్రమాణపత్రం మీద సంతకం పెట్టండి, త్వరగా! దండోరా పడలేదు, వేలం సంగతే మీకు తెలీదు. అంతేకదండీ?"

"దేవుని సాక్షిగా అంతే మేడమ్!"

ఠప్! కౌంటర్లో ఆ కాగితం మీద సీలు పడింది.

హమ్మయ్య! నెహెమ్యాకి ఏడుపొచ్చేసింది.

"టైముకి అందారా నెహెమ్యాగారూ?"

అచ్యుతరావు! నవ్వుతున్నాడు.

"చైన్ ఊడినప్పుడు కంగారుపడ్డానండీ, ఎక్కడ ఆగిపోతారోనని."

చేతిలో జిరాక్స్ కాగితం. అమీనా రిపోర్టు. అడుగున ఒక వాక్యం... 'దండోరా స్వయంగా విన్నాను.' కింద నెహెమ్యా సంతకం!

నెహెమ్యాకి ఆ రోజు గుర్తొచ్చింది. ఊరేగింపు... పాటలు... ఖాకీ చొక్కా మనిషి. "పర్మిషన్ కాగితమండీ, సంఘపెద్ద సంతకం కావాలి."

సంఘపెద్దగా ఏటా పెట్టే సంతకమే కదా అని చదవకుండా పెట్టేశాడు. పాట మధ్యలో, బండి సీటు మీద పెట్టి!

శాలిని ముఖం పాలిపోయింది. "ఇది మీ సంతకమేనా అండీ?"

నెహెమ్యా తలూపాడు.

"ప్రమాణం చేసి అబద్ధం రాశారు కదండీ. ఇక చేనూ పోతుంది, కేసూ మీమీదే పడుతుంది," అన్నాడు అచ్యుతరావు మెత్తగా.

"ముందే చూపించొచ్చుగా!" దేవదానం అరిచాడు.

"సీలు పడాలి కదా బాబాయ్," అన్నాడు అచ్యుతరావు.

నెహెమ్యా కౌంటర్ వైపు పరిగెత్తాడు. "అయ్యా, ఆ కాగితం వెనక్కిచ్చెయ్యండి! అయ్యా!"

ధడేల్!

షట్టర్ పడింది.